మూడో ముడి

జూన్ 3, మంగళవారం

ఈ నోటుబుక్కు అట్ట మీద బర్మీస్‌లో ‘ఎముకలు, కండరాలు’ అని రాసి ఉంది. మొదటి పది పేజీల్లో నిజంగానే అవి ఉన్నాయి. పదకొండో పేజీ నుంచి నేనున్నాను. శిక్షణలో పద్దెనిమిది మంది అమ్మాయిలం. తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి దీనికి తాళం అక్కర్లేదు. చిన్నప్పుడు ప్రతి ఆదివారం యాంగోన్‌లో పబేడాన్ గుడి మేడ మీద రాధ టీచరు మాకు అక్షరాలు దిద్దించేది. “ఇంట్లో ఎలాగైనా మాటాడుకోండి, కాగితం మీద మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయాల” అనేది. అప్పుడు ఆవిడ మీద ఎంత విసుక్కున్నానో, ఇప్పుడు అంత మంచిదనిపిస్తోంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక గంటసేపు పడుకోమంటారు. అందరూ పడుకున్నారు. వాన పడుతోంది. నాకు పగటిపూట నిద్ర రాదు, మెలకువా పూర్తిగా ఉండదు. రాసుకోవడానికి ఇదే మంచి సమయం.

ఎందుకొచ్చానో ముందే రాసిపెట్టుకోవాలి. రేపు మరిచిపోయి ఎవరినో తిట్టుకుంటాను. అన్నయ్య రాంబాబు పేరు సైన్యంలో తప్పనిసరిగా చేరాల్సినవాళ్ళ చీటీల్లో వచ్చింది. వదిన మల్లికకి అప్పటికి నాలుగో నెల. ఇంట్లోంచి ఒకరు చేరితే రెండో పేరు జాబితా అడుగుకి పోతుందని మా పేట తాకేటా వార్డు ఆఫీసులో గుమాస్తా చెప్పాడు. క్లినిక్‌లో కట్లు కట్టిన అనుభవం నాకు రెండేళ్ళుంది. పోనీ నేనెళ్తానన్నాను. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ అంటే ఏమిటో ఈ సైనిక ఆస్పత్రికి వచ్చేదాకా నాకు తెలీదు. పాఠం చెప్పే కేప్టెన్ డా న్వే యీని అందరం సయామా అంటాం, అంటే పంతులమ్మ. మొదటి రోజే చెప్పిందావిడ. “చేతిని బతికించేది డాక్టరు. ఎందుకు బతికిందో చేతికి గుర్తు చేసేది మీరు.”

ఈ రోజు మైనం తొట్టి చూపించారు. గాయాలు మానిన సైనికులు వేడి మైనంలో చెయ్యి ముంచి తీస్తారు. చెయ్యంతా తెల్లటి తొడుగు పేరుకుంటుంది. వేళ్ళు మెత్తబడ్డాక ఆ తొడుగు ఊడదీసి కిటికీ గట్టు మీద పెడతారు. పదకొండు ఖాళీ చేతులు వానకేసి తిరిగి నిలబడ్డాయి. నేను చూస్తూ ఉండిపోయాను. సయామా రెండుసార్లు పిలిచిందట. ఇక్కడ నా పేరు మ సూ. సుధామణి అని పిలిస్తే మొదటిసారే పలికేదాన్నేమో.

జూన్ 5

మణికట్టులో ఎనిమిది ఎముకలు. నాకు ఏడే గుర్తుంటున్నాయి. ఎనిమిదోది రోజుకొకటి మారుతోంది.

జూన్ 12, గురువారం

మాకు తలా ఒక మనిషిని ఇచ్చారు. నాకొచ్చినతని పేరు కాగితంలో కో మ్యో అని ఉంది. ఇరవై నాలుగేళ్ళు. ఉత్తరాన కొండల్లో ఇనుప ముక్క తగిలి కుడి మణికట్టులో వేళ్ళని లాగే నరాలు తెగాయి. కుట్లు వేసి ఎనిమిది వారాలైంది. నిన్ననే చేతికి కట్టిన బద్ద తీశారు.

మా ఫారంలో మొదటి ప్రశ్న ఎవరికైనా ఒకటే: ఈ చేతితో మీకు ఏ పని చెయ్యాలని ఉంది? ఒకాయన బిడ్డని ఎత్తుకోవాలన్నాడు. ఇంకొకాయన పడవ తాడు ముడి వెయ్యాలన్నాడు. కో మ్యో ఏమీ లేదన్నాడు. నేను అదే రాసుకున్నాను.

చూపుడువేలు పట్టుకుని మధ్య గణుపు దగ్గర మెల్లగా వంచాను. ఇంకాస్త వంచాను.

“ఓలమ్మో” అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. గదిలో ఎవరూ తలెత్తలేదు. ఇంకోసారి వంచుతున్నట్టు ముందుకు వంగి, “మనోళ్ళా?” అన్నాను.

అతను గోడవైపు తిరిగి చెప్పాడు. “మా తాతలది గంజాం. మేం లత పేటలో ఉంటాం. సూరి నా పేరు. నువ్వెలాగ పసికట్టీసినావు సెల్లెమ్మా?”

సెల్లెమ్మా అనగానే కొంచెం నిరాశగా అనిపించింది. ఎందుకో రాయను. తర్వాత బాగానే అనిపించింది. అప్పటినుంచి సూరన్నా అంటున్నాను, అదీ ఎవరూ వినకుండా.

జూన్ 20, శుక్రవారం

మా గది గోడ మీద రెండు కాగితాలు ఒకే మేకుకి గుచ్చి ఉన్నాయి.

మొదటిది మా గురించి. జూలై 24న ఆఖరి పరీక్ష. ఎవరికిచ్చిన మనిషి చెయ్యి ఎంత బాగుపడిందో చూసి మార్కులేస్తారు. నెగ్గినవాళ్ళు యాంగోన్‌లో ఈ వార్డులోనే ఉంటారు. తప్పినవాళ్ళని ఉత్తరాన యుద్ధం దగ్గరి ఆస్పత్రులకి స్ట్రెచర్లు మొయ్యడానికి పంపుతారు.

రెండోది వాళ్ళ గురించి. మీటరు నొక్కితే పట్టు ఇరవై రెండు కిలోలు దాటి, చూపుడువేలు అరచేతిని తాకితే తిరిగి దళానికి. లేకపోతే మెడికల్ బోర్డు ముందుకు, అక్కణ్ణించి ఇంటికి.

గాలికి రెండూ కలిసి ఎగురుతున్నాయి. అతని చెయ్యి బాగైతే నేను ఇక్కడుంటాను, అతను కొండల్లోకి పోతాడు. బాగవకపోతే అతను లతకి పోతాడు, నేను కొండల్లోకి. ఇందులో తెలివి చూపించడానికేమీ లేదు. నా పని నేను చేస్తాను. కొలతేస్తాను, వచ్చింది రాస్తాను.

జూన్ 29, ఆదివారం

పగలు ఇంటికి వదిలారు. పజున్‌డాంగ్ వంతెన మీద బస్సు ఆగిపోతే కిందకి నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. ముత్తాత విశాఖ రేవు నుంచి ఇక్కడికి మూటలు మొయ్యడానికి వచ్చాడు. ఆ రేవు పక్కన సముద్రంలోకి నడిచెళ్ళిపోయే కొండ ఒకటుందని నానమ్మ చెప్పేది. ఆవిడా చూడలేదు. మా ఇంట్లో ఎవరూ చూడని ఆ కొండ మా అందరికీ బాగా తెలుసు.

వదిన కాళ్ళు వాచాయి. అన్నయ్య నా మొహం చూడకుండా నా కంచంలో చేప ముక్కలన్నీ వేశాడు. అమ్మ నార తడుపుతోంది. పబేడాన్‌లో పేవ్‌మెంటు మీద పూలమ్మేది అమ్మ ఒక్కతే కాదు, కానీ మిగతావాళ్ళు కార్ల అద్దాలకి వేలాడదీసే దండలు సూదితో గుచ్చేస్తారు. గుడికి మాత్రం అమ్మ అరటినారతో కడుతుంది. నాకు రాదు. ఇరవై మూడేళ్ళుగా నాకు రాకపోవడం గురించి మా ఇంట్లో రోజూ ఒకసారైనా మాటొస్తుంది.

“నువ్వు బాగు సేసినోళ్ళని ఏటి సేత్తారు?” అంది అమ్మ.

“మళ్ళీ పంపుతారు.”

అమ్మ నార పిండి పక్కన పెట్టింది. ఇంకేదైనా అడుగుతుందేమోనని తిరిగి వచ్చేదాకా భయపడుతూనే ఉన్నాను.

జూలై 4, శుక్రవారం

సూరన్న పట్టు తొమ్మిది కిలోలు. పోయిన వారం తొమ్మిది. అంతకు ముందు వారం తొమ్మిది. చిల్లుల పలకలో మేకులు పెట్టమంటే మూడో మేకుకి చెయ్యి జారిపోతుంది. పాపం అనిపిస్తుంది.

చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. పక్క మంచం ఆయన పెట్టి ఉంటాడు.

జూలై 10, గురువారం, వాసో పౌర్ణమి

బౌద్ధుల పండగ, సెలవు. సయామా లేదు. వార్డులో సగం మంది బౌద్ధ విహారానికి దణ్ణం పెట్టుకోవడానికి వెళ్ళారు. ఉన్నవాళ్ళు నిద్రపోతున్నారు. పొద్దున అమ్మ గేటు దగ్గర విడి మల్లెలు ఇచ్చి వెళ్ళింది, వార్డులో బుద్ధుడి అలమరకి పెట్టమని. తడి గుడ్డలో నార కూడా చుట్టి ఇచ్చింది. ఎవరు కడతారనుకుందో నాకు తెలీదు, బహుశా సిగ్గొచ్చి నేనే నేర్చుకుంటానని ఆశ.

పూలు అల్యూమినియం పళ్ళెంలో పోసి బల్ల మీద పెట్టాను. సూరన్న ఎదురుగా కూర్చున్నాడు. వాన ఆగి, కిటికీలోంచి పలచటి ఎండ వచ్చి మైనం చేతుల మీద పడింది. అవి లోపల దీపం పెట్టినట్టు వెలిగాయి. గదంతా మల్లెల వాసన. నేను ఎక్కడున్నానో కాసేపు మరిచిపోయాను. నానమ్మ కొండ దగ్గరున్నాననుకున్నాను.

“ఇడిపూలు అలాగొగ్గెయ్యకూడదు, సాయంత్రానికి సచ్చిపోతాయి” అన్నాడు సూరన్న. నార తీశాడు. “కొస పట్టుకో సెల్లెమ్మా.”

పట్టుకున్నాను. కట్టేవాళ్ళకి ఎదురుగా ఉన్నవాళ్ళు కొస పట్టుకోవడం మా ఇళ్ళల్లో ఎవరూ చెప్పనక్కర్లేని పని. అతను ఎడమచేతిలో రెండు పూలు ఇటూ రెండు అటూ పెట్టాడు. కుడి చూపుడువేలికి నార చుట్టి, మెలి తిప్పి, కాడల మీదుగా దించి బిగించాడు. మళ్ళీ. మళ్ళీ. వేలు పూర్తిగా వంగుతోంది, అరచేతిని తాకుతోంది, లేస్తోంది. అంత చక్కటి వేలిని నేను ఈ ఆస్పత్రిలో చూడలేదు.

కడుతూ కడుతూ మాట్లాడాడు, నాతోనో పూలతోనో. “నా పక్కనున్నోడు ఏటో అడుగుతన్నాడు. సగం మాట మీద పోయినాడు. మిగతా సగం ఏటో నాకు ఇప్పటికీ తెలీదు. కళ్ళు మూస్తే ఆ సగమే ఇనిపిస్తాది.” ఇంకో ముడి వేశాడు. “ఇదిగో, పెతి మూడో ముడీ రెండు మాట్లు బిగించాల. అప్పుడు దండ జారదు. మాయమ్మ అలాగే సెప్పింది.”

దండ మూరెడు అయ్యాక ఆగాడు. తన చేతిని చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. మొహంలో రక్తం లేదు.

నేను కొస ఇంకా పట్టుకునే ఉన్నాను. ఏదైనా అనాలి. “బాగుంది” అన్నాను. దండ తీసుకెళ్ళి అలమరకి వేశాను. తిరిగొచ్చేసరికి అతను లేడు.

అది పళ్ళెంలో పూలు, సెలవు రోజు. కొలత వేసే రోజు కాదు. కాబట్టి నేను ఏమీ చూడలేదు.

జూలై 11, శుక్రవారం

చూశాను. చూసి సంతోషపడ్డాను కూడా. ముందు సంతోషపడ్డాను, తర్వాత భయపడ్డాను. ఆ వరస నాకు నచ్చలేదు.

సయామా పొద్దున అలమర ముందు నిలబడింది. ఆవిడకి పూలంటే ఇష్టం, కొప్పులో రోజూ ఏదో ఒకటి ఉంటుంది. దండని వేలితో తడిమి చూసింది.

“సూదితో గుచ్చింది కాదిది. ఎవరు కట్టారు?”

గదిలో అందరూ ఉన్నారు. సూరన్న మేకుల పలక మీదకి వంగి ఉన్నాడు. అతని మెడ నాకు కనిపిస్తోంది.

“నేనే కట్టాను, సయామా. మా అమ్మ పూలమ్ముతుంది.”

“ఇంత పని వేళ్ళలో పెట్టుకుని ఎందుకు దాచావు?” అని నవ్వింది. “మేకుల కంటే ఇది వెయ్యి రెట్లు నయం. పరీక్ష రోజు ఇదే చెయ్యి. పరీక్షకుల ముందు నువ్వు కట్టి చూపించి, నీ మనిషి చేత కట్టించు.”

సరే అన్నాను. పదమూడు రోజులుంది. నాకు జడ వేసుకోవడం వచ్చు, లుంగీ కట్టుకోవడం వచ్చు. ఇంకే ముడీ రాదు.

జూలై 13, ఆదివారం

అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నేర్పమన్నాను. అమ్మ వదిన వైపు తిరిగి, “ఇంతకాలానికి దీనికి బుద్దొచ్చింది, ఎవడ్ని సూసిందో” అంది. వదిన నవ్వితే కడుపు కదిలింది. నిజం చెప్పకుండా నార అందుకున్నాను. చెబితే ఈ ఇంట్లో ఇంకో ముగ్గురికి నిద్ర పోతుంది.

అమ్మ నార కొస కాలి బొటనవేలికి తగిలించుకుని కట్టి చూపించింది. నేను కట్టాను. ఆరు పూలు కట్టాక ఎత్తితే నాలుగు రాలాయి.

“నీ సెయ్యి సదువుకున్న సెయ్యి, దానికి ఒంగడం తెల్దు” అంది అమ్మ.

“మూడో ముడి రెండుసార్లు బిగిస్తే జారదట గదా?”

అమ్మ చేతులు ఆగాయి. “అది గంజామోళ్ళ కట్టు. నీకెవరు సెప్పినారు?”

“ఆస్పత్రిలో” అన్నాను. ఆ తర్వాత సాయంత్రం దాకా, బస్సు వేళ అయ్యేదాకా, నేను కట్టిన దండలన్నిటికీ నా కాలి దగ్గర కూర్చుని కొస పట్టుకుంది.

జూలై 15

వేలు కోసుకుంది. నార ఇంత పదునుగా ఉంటుందని పూలు పెట్టుకునేవాళ్ళకి తెలీదు.

జూలై 18, శుక్రవారం

సయామా ఈ రోజు చెప్పిన పాఠం ఇది. పట్టు కొలిచే మీటరుకి పిడి ఐదు చోట్ల పెట్టొచ్చు, దగ్గర నుంచి దూరానికి. ఐదు చోట్లా నొక్కించి ఆ అంకెలతో కాగితం మీద గీత గియ్యాలి. నిజంగా నొక్కిన చెయ్యి, అది ఎంత బలహీనమైనదైనా సరే, మధ్యలో పెరిగి చివర్లలో తగ్గుతుంది, చిన్నదో పెద్దదో గుట్ట వస్తుంది. నటించే చెయ్యి ఐదు చోట్లా ఒకేలా నొక్కుతుంది, గీత చదునుగా పోతుంది. “చెయ్యి అబద్ధమాడితే నేల, నిజం చెబితే కొండ” అంది సయామా. సోమవారం అందరికీ ఈ పరీక్ష.

తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది.

మధ్యాహ్నం సూరన్న చేతికి నూనె రాస్తూ పరీక్ష గురించి వివరించాను. చెయ్యబోయే పరీక్ష ఏమిటో ముందుగా రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని మా పుస్తకం నాలుగో పాఠంలో ఉంది. అతనికి అర్థమయ్యే భాష తెలుగు. కాబట్టి తెలుగులో చెప్పాను. గుట్ట గురించి కూడా చెప్పాను. అది పాఠంలో భాగమే.

అతను అంతా విన్నాడు. “నీకేటవుతాది సెల్లెమ్మా?” అన్నాడు.

“నాకేమవుతుంది?” అన్నాను. గోడ మీద కాగితం అతనూ చదివి ఉంటాడు, బర్మీస్ అతనికి నాకంటే బాగా వచ్చు.

జూలై 21, సోమవారం

ఆరు, తొమ్మిది, పదకొండు, తొమ్మిది, ఏడు. చుక్కలు కలిపాను. నీళ్ళ పక్కన చిన్న కొండ వచ్చింది. సయామా చూసి సంతకం పెట్టింది.

పడుకునే గంటలో కునుకు పట్టింది, చాలా రోజులకి. కిటికీ గట్టు మీద మైనం చేతులు ఒక్కొక్కటే దిగి మెట్ల మీదుగా వీధిలోకి నడిచాయి. పబేడాన్‌లో సమోసాల బండి దగ్గర ఆగాయి. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక చెయ్యి మాత్రం వెనక్కి తిరిగి ఏదో అడగబోయింది. సగంలో మెలకువ వచ్చింది.

జూలై 24, గురువారం

పరీక్ష అయింది. దండ విడిపోయింది. నాకు చేతకాలేదు. అంతే.

జూలై 25, శుక్రవారం

నిన్న అబద్ధం రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసే మనిషినయ్యాను. మళ్ళీ రాస్తాను.

పొడుగు బల్ల. అటు పక్క సయామా, ఒక కర్నల్ డాక్టరు, ఇంకొక ఆఫీసరు. ఇటు నేను. పక్కగా సూరన్న. మధ్యలో పళ్ళెం, పూలు, తడి నార. కొస జారకుండా పళ్ళెం కింద నొక్కిపెట్టాను. కట్టడం మొదలుపెట్టాను.

బాగా కడుతున్నాను. ఇది గొప్పకి రాయడం లేదు, నిజంగా బాగా కడుతున్నాను. మొదటిసారి నా వేళ్ళకి నా సలహా అక్కర్లేకపోయింది. పదో ముడి, పన్నెండో ముడి. కర్నల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వాన చప్పుడు దూరంగా పోయింది. అమ్మ ఇది చూస్తే బాగుండునని అనుకున్నాను. ఇక్కడే ఉండిపోతానని, వదిన పురిటికి దగ్గరే ఉంటానని కూడా అనుకున్నాను.

అప్పుడు పళ్ళెం జరిగింది. కొస వదులైంది.

సూరన్న కుడిచెయ్యి బల్ల మీదకి వచ్చి కొస అందుకుంది. చూపుడువేలు, బొటనవేలు కలిపి, నార బిగువుగా లాగి పట్టుకుంది. అతను కిటికీవైపు చూస్తున్నాడు. తన చెయ్యి ఏం చేస్తోందో అతనికి తెలీదు. ఎదురుగా ఎవరో పూలు కడుతున్నారు, కొస వదులైంది, పట్టుకున్నాడు. చిన్నప్పటినుంచి పట్టుకుంటున్నదే. ఆ వేలు అలా వంగితే ఏ బోర్డూ అతన్ని ఇంటికి పంపదు.

కర్నల్ కళ్ళు పూల మీదే ఉన్నాయి. అవి ఇంకో జానెడు పక్కకి జరిగితే చాలు.

నేను దండని రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగాను. నార తెగింది. పూలన్నీ అతని చేతి మీద, బల్ల మీద, కర్నల్ ఒళ్ళో పడ్డాయి. నేను కుర్చీ కూడా పడేశాను. “క్షమించండి, క్షమించండి” అంటూ పూలు ఎత్తాను. పూల కింద సూరన్న చెయ్యి దొరికింది. వేళ్ళు విప్పి నార లాగేశాను. ఆ చెయ్యి వణుకుతోంది. తర్వాత అతన్ని కట్టమన్నారు. రెండు పూలు కూడా పట్టుకోలేకపోయాడు. ఈసారి నటించనవసరం లేకపోయింది.

ఈ రోజు పొద్దున సయామా పిలిచింది. బల్ల మీద నా మార్కుల కాగితం ఉంది, దాని పక్కన వాసో నాటి దండ కూడా ఉంది. ఎండి గోధుమరంగులోకి మారింది. అయినా ఒక్క పువ్వూ రాలలేదు.

“ఇది కట్టినవాళ్ళు నిన్న అలా లాగరు” అంది.

నేను నేలకేసి చూశాను.

“నేనేమీ అడగను. అడిగితే నువ్వు చెప్పాలి, నువ్వు చెబితే నేను రాయాలి.” దండని సొరుగులో పెట్టి మూసింది. “మ సూ, నువ్వు తప్పావు. నీ మనిషి చెయ్యి ఏమీ బాగుపడలేదు. ఆ రెండూ ఒకే కాగితంలో రాశాను. పదో తేదీ ఉత్తరానికి పోయే బండికి వెళ్తావు.”

“అన్నయ్య పేరు?” అన్నాను.

“నువ్వు చేస్తున్నంతకాలం అడుగునే ఉంటుంది.”

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. భయమేసింది. ఏడ్చాను కూడా, ముక్కు చీదుకుంటూ, బాగా. ఎవరైనా వచ్చి నువ్వు చేసింది సరైనదే అంటారని చూశాను. ఎవరూ రాలేదు.

జూలై 29

బోర్డు అయింది. కో మ్యో, కుడిచెయ్యి, సేవకి పనికిరాదు, ఇంటికి.

అతను వెళ్ళేటప్పుడు నేను మైనం కరిగిస్తున్నాను. గుమ్మం దగ్గర ఆగాడని తెలుసు, నీడ పడింది. నేను మైనం కలుపుతూనే ఉన్నాను. ఏమన్నా ఎవరైనా వింటారు. ఎడమచేత్తో సంచీ పట్టుకుని, కుడిచెయ్యి ఛాతీకి ఆనించుకుని, పనికిరానివాడిలా చక్కగా నడిచి వెళ్ళాడు.

ఆగస్టు 3

ఎనిమిదో ఎముక గుర్తొచ్చింది. ఇప్పుడెందుకు?

ఆగస్టు 10, ఆదివారం

రైలు ఇంకా కదల్లేదు. నా పెట్టె మీదే నోటుబుక్కు పెట్టుకుని రాస్తున్నాను.

పొద్దున గేటు దగ్గర అమ్మ వచ్చింది. ఊరగాయ, దుప్పటి, వదిన కుట్టిన సంచీ. నేను తప్పానని మాత్రమే అమ్మకి తెలుసు. అమ్మ పక్కన ఇంకొకామె నిలబడి ఉంది. చిన్న మనిషి, తెల్లటి చీర, బుగ్గలకి తనాకా చెక్క గంధం పూత.

“ఈ యమ్మ తులసమ్మ. లత నుంచొచ్చింది. నిన్ను సూడాలని మన పూల కాడికి మూడు దినాలుగా తిరుగుతంది” అంది అమ్మ. మా అమ్మ పూలమ్ముతుందని వార్డులో అందరి ముందూ చెప్పింది నేనే.

ఇద్దరు సెంట్రీలు మాకు మూడడుగుల దూరంలో ఉన్నారు. తులసమ్మ అరిటాకు పొట్లం నా చేతిలో పెట్టింది. విప్పాను. మల్లెలు, మధ్యలో మరువం. తడిగా ఉంది. మూరెడు.

ఆమె పొట్లం ఇస్తున్నప్పుడు చేతులు చూశాను. చూడకుండా ఉండలేను, ఈ రెండు నెలల్లో పట్టిన అలవాటు. చూపుడువేలు మధ్య గణుపు దగ్గర బిగుసుకుపోయింది. మిగతా వేళ్ళు పక్కకి ఒరిగిపోయాయి. బొటనవేలు దేన్నీ అందుకోదు. వాతం. ఇప్పటిది కాదు, పదిహేనేళ్ళదైనా ఉంటుంది. సూరన్న ఇంట్లో పూలు కట్టే పని ఒక పిల్లవాడి చేతుల్లోకి ఎప్పుడు వెళ్ళిందో నాకు అప్పుడు అర్థమైంది.

“ఎవరు కట్టారు పిన్నీ?” అన్నాను.

తులసమ్మ సెంట్రీలని చూడలేదు. నన్నే చూసింది. తన రెండు చేతులూ మెల్లగా కొంగు కిందికి తీసుకుంది.

“నానే కట్టినానమ్మా” అంది.

అమ్మ ఆ కొంగునీ చూసింది, దండనీ చూసింది. దాని మీద వేలు పెట్టి ముడులు తడిమింది. ఒకటి, రెండు, మూడో దగ్గర వేలు ఆగింది. అమ్మకి తెలిసిపోయింది, నేను ఎందుకు తప్పానో. నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పి, దండ నా జడలో పెట్టింది. చివర్లో నా తల మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచేసింది.

“గట్టిగా కట్టినావు తులసమ్మా” అంది. “ఎంత దూరమెళ్ళినా జారదు.”

ఇప్పుడు రైలు కదిలింది.

అదే రోజు, బాగో దాటాక

పొలాలన్నీ నీళ్ళు. ఆ నీళ్ళలో ఆకాశం ఉంది, అందులోంచి రైలు పోతోంది. ఎదురు సీటులో అమ్మాయి నిద్రపోతోంది. చెయ్యి వెనక్కి పెట్టి దండ తడిమాను. ఎప్పుడో సగంలో ఆగిన మాట ఒకటి గుర్తొచ్చింది, నాది కాదది, అయినా గుర్తొచ్చింది. పువ్వులన్నీ ఉన్నాయి.

ఫారంలో మొదటి ప్రశ్నకి సూరన్న జవాబు జూన్‌లో ఏమీ లేదని రాశాను. అది కొట్టేసే అధికారం ఇప్పుడు నాకు లేదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను: పూలు కట్టుకోవాలని ఉంది.

భయంగానే ఉంది. చేతులు మాత్రం వణకడం లేదు.